ఈల, కార్డు, గీత అవతలి మనిషి



మాది గంజాం జిల్లా. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువాడికి ఒక చెవి తెలుగు, రెండో చెవి ఒడియా. బడిలో చరిత్ర పాఠం ఒడియాలో చెబుతాను, ఇంటికొచ్చి పప్పులో ఉప్పెక్కువైందని తెలుగులో గొణుగుతాను. ఈ రెండు చెవుల ప్రయోజనం తరగతి గదిలో కన్నా ఫుట్‌బాల్ మైదానంలో నాకు బాగా తెలిసివచ్చింది. బరంపురం చుట్టుపక్కల బడిపిల్లల పోటీలకు పదిహేనేళ్ళుగా రిఫరీగా ఉంటున్నాను. నేను డ్రిల్లు మాస్టారిని కాను. ఒకరోజు రావలసినాయన రాకపోతే, "మీరు కాలేజీలో ఆడేవారట కదా మాస్టారూ" అని నా చేతిలో ఈల పెట్టారు. ఆ తరువాత దాన్ని తిరిగి పుచ్చుకున్నవారు లేరు.

2012లో ఒక ఆట చెబుతాను. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లల పోటీ. ఒక కుర్రాడు గోల్ కొట్టాడు, నేను ఆఫ్‌సైడ్ ఇచ్చాను. వాడు పక్కవాడితో తెలుగులో, "ఈ మాస్టారికి కళ్ళు కనబడవురా, అవతలివాళ్ళ మనిషి" అన్నాడు. నన్ను ఒడియా మాస్టారిననుకున్నాడు. వాడి పక్కనుంచి పరుగెడుతూనే, "కళ్ళు కనబడతాయి నాయనా, చెవులు కూడా బాగానే పనిచేస్తాయి" అన్నాను. వాడి ముఖం చూడాలి! ఆ తరువాత ఆటంతా వాడంత బుద్ధిమంతుడు మైదానంలో మరొకడు లేడు. నియమం ప్రకారమైతే పసుపు కార్డు చూపించవలసిన మాటే. చూపించలేదు, అవసరం రాలేదు.

కాని అదే ఆట రెండో సగంలో నేను ఓడిపోయాను. ఆ సంగతి తరువాత చెబుతాను. ఆ ఓటమి నాకు అర్థం కావడానికి ఫుట్‌బాల్ నియమాల చరిత్ర కొంత తిరగేయవలసివచ్చింది. మైదానంలో మనుషుల ప్రవర్తనను అదుపుచేసే అధికారం రిఫరీకి ఎప్పుడు, ఎందుకు, ఎంతెంత చొప్పున వచ్చింది? ఇదే ఈనాటి నా ప్రసంగాంశం.

1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ మొదటిసారి నియమాలు రాసుకున్నప్పుడు వాటిలో రిఫరీ అనే మాటే లేదు. రాసినవాళ్ళు పెద్ద బడుల్లో చదువుకున్న పెద్దింటి కుర్రాళ్ళు. పెద్దమనిషి అన్నవాడు తప్పు చేయడు, పొరపాటున చేసినా తనే ఒప్పుకుంటాడు అని వాళ్ళ నమ్మకం. తగాదా వస్తే రెండు జట్ల కెప్టెన్లు మాట్లాడుకొని తేల్చుకోవాలి. అది కుదరలేదు. అందుకని జట్టుకొకడు చొప్పున ఇద్దరు అంపైర్లు వచ్చారు. ఈ అంపైర్లు తమంతట తాము ఏమీ చెప్పరు. క్రికెట్‌లో బౌలర్ రెండు చేతులూ పైకెత్తి అరుస్తాడే, అలా ఆటగాళ్ళు అప్పీలు చేసుకుంటేనే తీర్పు. తన జట్టు అంపైరు తన జట్టు వైపు మాట్లాడటం మానవ సహజం. ఇద్దరికీ పొసగకపోతే తేల్చడానికి గీత అవతల మూడో మనిషిని నిలబెట్టారు. ఇంగ్లీషులో ఒక విషయాన్ని పైవాళ్ళకు నివేదించడాన్ని 'రిఫర్' చేయడం అంటారు. వివాదం ఎవరికి నివేదిస్తారో ఆయనే రిఫరీ.

అంటే మొదటి రిఫరీ ఆట నడిపేవాడు కాడు. పిలిస్తే పలికేవాడు.

1891లో ఈ ఏర్పాటు తలకిందులైంది. రిఫరీ గీత దాటి లోపలికి వచ్చాడు, అంపైర్లు గీత మీదికి వెళ్ళి లైన్‌మన్‌లయ్యారు. ఆ తరువాత మూడు నాలుగేళ్ళలో, ఎవరూ అడగకపోయినా తీర్పు చెప్పే అధికారం కూడా రిఫరీకి వచ్చింది. పెనాల్టీ కిక్ వచ్చిందీ ఆ 1891లోనే. ఐర్లండ్‌లోని మిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో విలియం మెక్రమ్ అనే గోల్‌కీపర్ ఉండేవాడు, ఆయన చేసిన ప్రతిపాదన అది. పెద్దమనుషుల జట్లకు ఇది పెద్ద అవమానంగా తోచింది. మేము కావాలని తప్పు చేస్తామని నియమంలో రాస్తారా అని వాళ్ళ బాధ. వాళ్ళ బాధ నాకు కొంత అర్థమవుతుంది. పరీక్ష హాల్లో జేబులు వెతికేటప్పుడు మంచి పిల్లలు కూడా అలాగే ముఖం పెడతారు. అయినా జేబులు వెతకడం మానలేం కదా.

ఇక్కడినుంచి డెబ్భై ఏళ్ళు ముందుకు వెళ్దాం. ఎందుకంటే తరువాతి పెద్ద మార్పుకు కారకుడు మా వృత్తివాడే. కెన్ ఆస్టన్ అని ఒక ఇంగ్లీషు బడిపంతులు. 1915లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇండియన్ ఆర్మీలో పనిచేసి లెఫ్టినెంట్ కర్నల్‌గా బయటికొచ్చాడు. లండన్ దగ్గర ఇల్‌ఫర్డ్‌లో ఒక ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టరు. వారమంతా చిన్నపిల్లలతో, శనివారం పెద్దపిల్లలతో అన్నమాట.

1962 జూన్ 2న చిలీ రాజధాని శాంటియాగోలో చిలీ, ఇటలీ ప్రపంచకప్ ఆటకు ఆయన రిఫరీ. దాన్ని ఆట అనడం కష్టం. 'శాంటియాగో యుద్ధం' అనే పేరే దానికి మిగిలింది. మొదటి పావుగంటలోనే ఒక ఇటలీ ఆటగాణ్ణి బయటికి పంపితే అతడు కదలలేదు. పోలీసులు వచ్చి తీసుకెళ్ళవలసి వచ్చింది. ఆ తరువాత మరొకణ్ణి కూడా పంపాడు.   ఇరవై రెండుమంది అరుస్తుంటే మధ్యలో నిలబడి చేతులు తిప్పడం తప్ప ఆయన చేయగలిగింది లేదు.

నాలుగేళ్ళ తరువాత ప్రపంచకప్ ఇంగ్లండ్‌కే వచ్చింది. రిఫరీలందరినీ చూసుకునే బాధ్యత ఆస్టన్‌ది. 1966 జూలై 23న వెంబ్లీలో ఇంగ్లండ్, అర్జెంటీనా ఆట. రిఫరీ జర్మనీకి చెందిన రుడాల్ఫ్ క్రైట్‌లైన్. అర్జెంటీనా కెప్టెన్ రతీన్ ప్రతి తీర్పుకూ అడ్డుతగులుతున్నాడు. మొదటి సగంలోనే ఆయన్ని బయటికి పొమ్మన్నాడు రిఫరీ. రతీన్ పోలేదు. దుబాసీని పిలిపించండి, మాట్లాడాలి అంటాడు. క్రైట్‌లైన్‌కు స్పానిష్ ఒక్క ముక్క రాదు. అతడేమన్నాడో భాష రాకపోయినా ముఖంలో తెలిసిపోయిందన్నట్టు తరువాత చెప్పాడు. ఆట నిమిషాల తరబడి ఆగిపోయింది. ఆస్టన్ స్వయంగా మైదానంలోకి దిగి నచ్చజెప్పవలసి వచ్చింది. చివరికి రతీన్ బయటికి వచ్చి, మైదానం పక్కన పరిచిన ఎర్ర తివాచీ మీద కూర్చున్నాడు.

మర్నాటి పత్రికలు చూస్తే ఇంకో తమాషా. ఇంగ్లండ్ ఆటగాళ్ళు బాబీ చార్ల్‌టన్, జాక్ చార్ల్‌టన్ అన్నదమ్ములిద్దరినీ రిఫరీ హెచ్చరించి పుస్తకంలో రాసుకున్నాడని వేశారు. ఆ సంగతి ఆ అన్నదమ్ములకే తెలియదు! మందలింపు అందుకున్నవాడికే తెలియకపోతే అదేం మందలింపు? ఆస్టన్ ఇదే ఆలోచిస్తూ కారు నడుపుకుంటూ పోతుంటే కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో ట్రాఫిక్ దీపం ఆపింది. పసుపుపచ్చ అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు. దీనికి దుబాసీ అక్కరలేదు. 1970 మెక్సికో ప్రపంచకప్‌లో పసుపు, ఎర్ర కార్డులు వచ్చాయి. ఆ పోటీ మొత్తం మీద ఒక్క ఎర్ర కార్డు కూడా ఎత్తవలసిన అవసరం రాలేదు. మొదటిది 1974లో ఎత్తారు.

నాకు ఆశ్చర్యం కలిగించే విషయం, కార్డు శిక్ష కోసం పుట్టలేదు. శిక్ష ముందే ఉంది. అది తెలియజేయడం కోసం పుట్టింది. ఒకే భాష లేని మనుషుల మధ్య ఒక మాటగా పుట్టింది. ఇప్పుడు మన బడి మైదానాల్లో కొందరు యువ రిఫరీలు దాన్ని జేబులోంచి తీసే తీరు చూస్తే, తాళం చెవి గుత్తి ఊపే జైలు వార్డరు గుర్తొస్తాడు. భాష తెలిసినచోట, పేరు పెట్టి పిలవగలిగినచోట, కార్డు మూడో మెట్టు కావాలి. మొదటి మెట్టు చెవిలో మాట. రెండోది ఆట ఆపి, అందరూ చూసేలా నిలబెట్టి చెప్పే మాట. తిట్టు, కొట్టుడు, ప్రమాదకరమైన ఆట వేరు, వాటికి మెట్లు లేవు. కాని ఓడిపోతున్నామన్న ఉక్రోషంతో పన్నెండేళ్ళవాడు గొణిగేదానికి మెట్లున్నాయి. అందుకే ఆ కుర్రాడికి కార్డు చూపించలేదు.

అయితే మంచి మాటకు కూడా ఒక హద్దుంది. నేను పుట్టిన ఏడాది, 1980 ఆగస్టు 16న, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు తలపడ్డాయి. ఇద్దరు ఆటగాళ్ళు కలబడితే రిఫరీ ఇద్దరినీ బయటికి పంపాడు. గ్యాలరీలో రెండు జట్ల అభిమానులూ కలిసి కూర్చున్నారు. కొట్లాట మొదలైంది, తొక్కిసలాట అయింది, పదహారుమంది చనిపోయారు. మా తాతగారు కలకత్తా ఆటలు రేడియోలో వినేవారు. ఆ తరువాత చాలాకాలం మా ఇంట్లో ఫుట్‌బాల్ కామెంటరీ పెట్టనివ్వలేదని నాన్నగారు చెప్పేవారు. మైదానం లోపల ఇద్దరి కోపం గీత దాటితే ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

గీత అన్నాను కనుక, ఇప్పుడు గీత అవతల నిలబడిన మనిషి దగ్గరికి వద్దాం. కోచ్.

1966 ఆటలోనే ఇంకొక దృశ్యం ఉంది. ఆట ముగిశాక ఇంగ్లండ్ కోచ్ ఆల్ఫ్ రామ్సే తన ఆటగాడొకడు అర్జెంటీనావాడితో చొక్కా మార్చుకోబోతే మధ్యలో పట్టుకొని లాగేశాడు. తరువాత ప్రత్యర్థుల్ని జంతువులతో పోల్చాడు. కెప్టెన్ రతీన్‌ను పంపిన సంఘటన నుంచి ప్రపంచమంతటికీ కార్డులొచ్చాయి. కోచ్ ప్రవర్తన నుంచి ఏ నియమమూ రాలేదు.

నిజానికి చాలాకాలం గీత బయటినుంచి ఆటగాళ్ళకు సలహాలివ్వడమే నియమాలు ఒప్పుకునేవి కావు. అయినా అందరూ అరిచేవారు, రిఫరీలు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. అమలుకాని నియమం కన్నా అమలయ్యే హద్దు మేలని 1990ల మొదట్లో బెంచీ ముందు టెక్నికల్ ఏరియా అని ఒక చోటు నియమాల్లోకి తెచ్చారు. అందులో ఒకసారికి ఒక్కరే లేచి చెప్పాలి, బాధ్యతగా మెలగాలి. మెలగకపోతే? రిఫరీ దగ్గరికెళ్ళి నోటితో చెప్పి పంపించాలి. ఆటగాడికి 1970లో వచ్చిన కార్డు కోచ్‌కు 2019లో వచ్చింది. నలభై తొమ్మిదేళ్ళు! ఆ 2019 నియమంలో ఒక మంచి మాట చేర్చారు. బెంచీ మీదనుంచి ఎవరు తప్పుచేశారో తెలియకపోతే, అక్కడున్నవాళ్ళలో పెద్ద కోచ్‌కే కార్డు. తరగతిలో ఎవరు ఈల వేశారో తేలకపోతే లీడర్ను నిలబెట్టడం లాంటిదే. అది తరగతిలో న్యాయమో కాదో చెప్పలేను గాని, బెంచీ దగ్గర మాత్రం న్యాయమే.

పెద్దల ఆటకు ఈ వరస సరిపోతుందేమో. పిల్లల ఆటలో మాత్రం నియమం మొదట చూడవలసిన మనిషిని చివర చూసింది అంటాను నేను. ముప్ఫై ఏళ్ళ ఆటగాడు తన కోపం తాను తెచ్చుకుంటాడు. పదమూడేళ్ళవాడు దాన్ని అరువు తెచ్చుకుంటాడు. ఎవరి దగ్గర? ఆట ఆగినప్పుడల్లా వాడి తల ఏ వైపు తిరుగుతుందో చూడండి, మీకే తెలుస్తుంది.

నెదర్లాండ్స్‌లో అల్మేర అని ఒక ఊరు. 2012 డిసెంబరు 2న అక్కడ కుర్రాళ్ళ ఆట జరిగింది, పదిహేను, పదహారేళ్ళవాళ్ళు. ఒక ఆటగాడి తండ్రి జీతం భత్యం లేకుండా లైన్‌మన్‌గా నిలబడ్డాడు. ఆట అయ్యాక అవతలి జట్టు కుర్రాళ్ళు ఆయన మీద పడి కొట్టారు. మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ వారాంతంలో దేశమంతటా ఔత్సాహిక ఆటలన్నీ రద్దుచేశారు. 2013 జూన్‌లో కోర్టు ఆరుగురు కుర్రాళ్ళను ఈ మరణానికి దోషులుగా తేల్చింది, ఎక్కువమందికి రెండేళ్ళ శిక్ష పడింది. వాళ్ళతోపాటు ఒక కుర్రాడి తండ్రికి ఆరేళ్ళు. ఆ తండ్రి ఆ రోజు అక్కడికి వచ్చింది కొడుకు ఆట చూడటానికి.

ఈ వార్త నేను చదివేనాటికి నా ఆట జరిగి నెలే అయింది. అందుకే నాకు అంత గుచ్చుకుంది.

ఇక నా సంగతి. రెండో సగం, పది నిమిషాలు మిగిలాయి. ఆ కుర్రాడి జట్టుకు వ్యతిరేకంగా పెనాల్టీ ఇచ్చాను. వాళ్ళ కోచ్ మైదానంలోకి నడిచి వచ్చాడు. అంతకుముందు గంటసేపు గీత పక్కనుంచి నన్ను అంటూనే ఉన్నాడు. నేను వినీ విననట్టు ఊరుకున్నాను. పిల్లవాడి ఒక్క మాట పట్టుకొని జవాబు చెప్పినవాణ్ణి, పెద్దమనిషి పాతిక మాటలు వదిలేశాను. సాటి ఉపాధ్యాయుడు కదా, ఎలా అనడం అని మొహమాటం. ఆ మొహమాటమే నా తప్పు. లోపలికి వచ్చి పిల్లలందరి ముందూ నన్నొక మాట అన్నాడు. నేను ఆపుకోలేక నాలుగన్నాను, ఒడియాలో రెండు, తెలుగులో రెండు. ఆయన తన పిల్లల్ని కూర్చోమన్నాడు. పదకొండుమందీ ఎండలో మైదానంలో చతికిలబడ్డారు. ఎంత చెప్పినా లేవలేదు. ఆట ఆగిపోయింది, ఆ జట్టు పోటీనుంచి తప్పుకున్నట్టే అయింది. సామాన్లు సర్దుకుంటుంటే మొదటి సగంలో నన్ను గుడ్డివాడన్న కుర్రాడే వచ్చి, "మాస్టారూ, మేమేం చేశామండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

కోచ్‌లంటే అందరూ ఇలాంటివాళ్ళేనని నా ఉద్దేశం కాదు. మన దేశానికి అందరికన్నా గొప్ప ఫుట్‌బాల్ కోచ్ హైదరాబాదు బడిపంతులే. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ సెమీఫైనల్ దాకా వెళ్ళింది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫైనల్. స్టేడియమంతా మనవాళ్ళను ఎద్దేవా చేస్తోంది, కారణాలు రాజకీయమైనవి. ఆ గోలలో మన జట్టు చెదరకుండా ఆడి దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచింది. రహీం గారు అప్పటికే క్యాన్సరుతో ఉన్నారు, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. అదే 1962లో, మూడు నెలల ముందు, ఇంకొక బడిపంతులు శాంటియాగోలో నెత్తి పట్టుకున్నాడు. ఒకరు గీతకు అవతల, ఒకరు ఇవతల.

ఆస్టన్ పెద్ద పోటీల నుంచి విశ్రాంతి తీసుకున్నాక ఏం చేశాడో తెలుసా? అమెరికాలో ఏ.వై.ఎస్.ఓ. అనే పిల్లల ఫుట్‌బాల్ సంస్థకు ఏళ్ళ తరబడి వెళ్ళి, రిఫరీలుగా నిలబడే తల్లిదండ్రులకు పాఠాలు చెప్పాడు. 2001లో చనిపోయాడు. ప్రపంచకప్పులు నడిపినవాడు చివరికి చిన్నపిల్లల మైదానానికే తిరిగి వచ్చాడు.

ఈమధ్య వచ్చిన మార్పుల్లో నాకు రెండు బాగా పనికొచ్చాయి. ఒకటి, 2017లో పిల్లల ఆటలకూ, కింది స్థాయి ఆటలకూ అనుమతించినది. రిఫరీతో వాదించినవాణ్ణి ఆటనుంచి పూర్తిగా పంపకుండా కొన్ని నిమిషాలు బయట కూర్చోబెట్టడం. 2019 నుంచి ఇంగ్లండ్‌లో కింది స్థాయి ఆటలన్నిటిలో ఇది అమలులో ఉంది, తొంభై నిమిషాల ఆటకు పది నిమిషాలు. మా పోటీలో నిర్వాహకులతో ముందే ఒప్పుకొని ఐదు నిమిషాలు పెట్టాం. కార్డు చూపిస్తే పిల్లవాడు ఏడుస్తాడు, లేదా గొప్పగా చెప్పుకుంటాడు. ఐదు నిమిషాలు బయట కూర్చోబెడితే వాడి జట్టు పదిమందితో ఆడటం కళ్ళారా చూస్తాడు. తిరిగి వచ్చినవాడు చాలావరకు నోరెత్తడు. ఇక్కడ ఇంకో లాభం ఉంది. ఆ ఐదు నిమిషాలూ ఆ పిల్లవాణ్ణి ఊరడించే పని కోచ్ మీద పడుతుంది. అరిచే తీరిక ఉండదు.

రెండోది ఇంకా పాతది. 2008లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 'రెస్పెక్ట్' అనే పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో భాగంగా పిల్లల మైదానం గీతకు కొంచెం ఎడంగా ఒక అడ్డు కట్టి, తల్లిదండ్రుల్ని దాని వెనక నిలబెట్టారు. రిఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలన్నారు. పదహారేళ్ళ తరువాత, 2024 యూరో పోటీల్లో పెద్ద పెద్ద ఆటగాళ్ళకు కూడా ఈ కెప్టెన్ పద్ధతే పెట్టారు. ఈ ఒక్క విషయంలో పెద్దలు పిల్లల్ని చూసి నేర్చుకున్నారు.

ఇప్పుడు నేను ఆటకు ముందు చేసే మొదటి పని, కోచ్‌లిద్దరినీ కలిపి టీ తాగించడం. పిల్లల ఎదురుగానే. కెప్టెన్లను కూడా దగ్గర కూర్చోబెట్టుకుంటాను. ఏ భాషలో ఎవరికి ఏం చెబుతున్నానో రెండో వాళ్ళకు అనుమానం రాకుండా ప్రతి మాటా రెండు భాషల్లోనూ చెబుతాను. "మీరు ఎన్ని సలహాలైనా మీ పిల్లలకు చెప్పుకోండి, నాకు మాత్రం ఒక్కటీ చెప్పకండి. మొదటిసారి నేనే మీ దగ్గరికి వచ్చి చెబుతాను, రెండోసారి కార్డుతో వస్తాను" అంటాను. మొదటి మాట మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పడం నేర్చుకున్నాను. గంటసేపు ఓర్చుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు కదా.

2022 అక్టోబరులో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల ప్రపంచకప్ ఆటలు జరిగాక మా వైపు ఆడపిల్లల జట్లు కూడా పెరిగాయి. వాళ్ళ తల్లులు కూడా వస్తున్నారు. తండ్రుల కన్నా వాళ్ళ గొంతు పెద్దదని మనవి చేసుకుంటున్నాను. కిందటి డిసెంబరులో ఒక ఆటకు తాడు కట్టబోయాను. వేపచెట్టు నుంచి నీళ్ళ ట్యాంకు స్తంభం దాకా కట్టేసరికి అయిపోయింది, ఇంకా పది గజాలు మిగిలింది. అటు జట్టు కోచ్ నావైపు చూశాడు. తెలిసిన ముఖమే. పన్నెండేళ్ళ కిందట మైదానంలో పిల్లల్ని కూర్చోబెట్టినాయన, జుట్టు నెరిసింది. ఏమీ అనలేదు. వెళ్ళి తన మోటారు సైకిలు వెనక సామాను కట్టుకునే తాడు విప్పి తెచ్చాడు. నేనొక కొస పట్టుకున్నాను, ఆయనొక కొస పట్టుకున్నాడు. రెండు తాళ్ళూ ముడివేసి గోల్‌పోస్టు దాకా లాగాం. ఆయన వెళ్ళి తాడు వెనక నిలబడ్డాక నేను ఈల వేశాను.